నలభై అడుగులు

1967 జూన్ 18

హైదరాబాదులో పది రోజుల శిక్షణ ముగించుకుని ఈ సాయంత్రం బోధన్‌లో బస్సు దిగాను. శిక్షణకు వచ్చిన ప్రతి టీచరుకూ ఒక నోటు పుస్తకం ఇచ్చారు. అట్ట మీద 'వాద్యబృంద శిక్షణ - దినచర్య' అని అచ్చు వేశారు. ఏ రోజు నేర్చుకున్నది ఆ రోజు ఇందులో రాయాలట. పది రోజుల్లో నేను రాయవలసినది ఏమీ జరగలేదు కాబట్టి పుస్తకం కొత్తగానే ఉంది. మంచి కాగితం. పారేయడం ఎందుకని నా సొంతానికి వాడుకుంటున్నాను.

నాకు సంగీతం రాదు. ఇక్కడ రాసుకుంటే నష్టం లేదు. నేను డ్రిల్లు మాస్టరును. బడిపిల్లలతో వాద్యబృందాలు పెట్టించాలని పైనుంచి ఒక పథకం వచ్చింది, ప్రతి బడి నుంచి ఒక టీచరును పంపమన్నారు. మా హెడ్మాస్టరు రాజేశ్వర్ గారు స్టాఫ్ రూములో అందరి ముఖాలూ ఒకసారి చూశారు. లెక్కల సారుకు మోకాళ్ల నొప్పి. తెలుగు పండితుడి ఇంట్లో పెండ్లి. చూపు వచ్చి నా మీద ఆగింది.

"రాజారాం, నువ్వు పో. నీకు లెఫ్ట్ రైట్ వస్తది గద. గదే తాళం."

తొమ్మిదేళ్లుగా టెంపరరీగా ఉన్నవాడికి కాదనే నోరు ఉండదు. పైగా బ్యాండు బాగా నడిస్తే నన్ను పర్మనెంటు చేయమని తానే పైకి రాస్తానన్నారు. ఆ మాటతో వెళ్లాను.

అక్కడ ముప్పై మందికి ఒకటే ఫిడేలు. ఏడో రోజు నా వంతు వచ్చింది. అప్పుడే తీగ తెగింది. చివరి రోజు అందరికీ సర్టిఫికెట్టు, ఒక సన్నటి తెల్ల కర్ర ఇచ్చారు. ఆ కర్ర పట్టుకుని ముందు నిలబడేవాడే బృందానికి నాయకుడట. నిలబడటం నాకు బాగా వచ్చు.

జూలై 1

పెట్టె వచ్చింది. నాలుగు క్లారినెట్లు, రెండు బాకాలు, ఒక పెద్ద డ్రమ్ము, ఐదు చిన్న డ్రమ్ములు, నాలుగు ఫిడేళ్లు. పిల్లలు పెట్టె చుట్టూ మూగారు. ఒకడు ఫిడేలు కమానును తీసి వీపు గోక్కున్నాడు. వాణ్ణి గోడకుర్చీ వేయించాను.

క్లారినెట్టు ఒకటి ఇంటికి తెచ్చి తలుపు వేసుకుని ఊదాను. గాలి వచ్చింది. చాలాసేపు ఊదితే ఒక శబ్దం వచ్చింది. వంటింట్లోంచి మా ఆవిడ వసంతమ్మ, "పక్కింటోళ్ల బర్రె ఈనుతున్నదా?" అని అడిగింది. ఆమెకు కళల మీద గౌరవం తక్కువ.

జూలై 3

మొన్నటి శబ్దమే. ఇంకొంచెం పెద్దగా.

జూలై 9

హెడ్మాస్టరు రోజూ "ఏమాయె బ్యాండు?" అంటున్నారు. నిన్న పెద్దబజారు దాటుతుంటే ఒక పెండ్లి బరాత్ ఎదురొచ్చింది. ముందు క్లారినెట్టు వాయిస్తున్నది జలీల్ సాబ్. ఈ చుట్టుపక్కల ముప్పై ఏళ్లుగా ఎవరి పెండ్లి జరిగినా ఆయన బ్యాండే. నా పెండ్లికీ ఆయనే వాయించాడు. ఇవాళ పొద్దున ఆయన ఇంటికి వెళ్లాను.

అరవైకి దగ్గర పడ్డ మనిషి. వాకిట్లో కూర్చుని పాత డ్రమ్ముకు తోలు బిగిస్తున్నాడు. నేను విషయం చెప్పాను. అంతా చెప్పలేదు. పిల్లలకు సిద్ధాంతం నేను చెబుతానని, వేళ్లు ఎక్కడ పెట్టాలో మాత్రం ఆయన చూపిస్తే చాలని అన్నాను.

"నేర్పుత సార్" అన్నాడు. "ఇగ నా దగ్గర ఎవలు నేర్చుకుంటున్రు? పెండ్లిండ్లకు మైకు సెట్లు పెట్టి పాటల రికార్డులు ఏస్తున్రు. నాకు గూడ రెండు వాడలు నడిస్తే ఊపిరి అందుతలేదు. నా కొడుకులిద్దరు లారీల మీద పోయిన్రు. ఈ హునర్, ఈ విద్య నాతోనే మట్టిలకు పోతదనుకున్న."

బయటి మనిషిని బడిలోకి రానివ్వడానికి ఏదో ఒక పేరు ఉండాలి కదా. రిజిస్టరులో 'వాద్యాలు బాగుచేయు వ్యక్తి' అని రాశాను. ఊరికే ఒక మాట.

జూలై 29

సాయంత్రం చక్కెర ఫ్యాక్టరీ సైరన్ కూయగానే జలీల్ సాబ్ వస్తాడు. బడి వెనక మైదానంలో పదహారు మంది పిల్లలు. ఆయన నోటితో ఏదో అంటాడు, వాళ్లు అది తిరిగి అంటారు, తర్వాత వేళ్లతో అంటారు. పుస్తకం లేదు, బోర్డు లేదు. మందలించడం గూడా లేదు. ఆరో తరగతి లింగం అనే పిల్లవాడు, చెరుకు కోతలకు పోయే అంజవ్వ కొడుకు, తరగతిలో రెండు రెళ్లు అడిగితే ఆలోచించేవాడు, చిన్న డ్రమ్ము మీద చేయి వేస్తే నాకే కాళ్లు కదులుతున్నాయి.

ఫిడేళ్లు చూసి మాత్రం జలీల్ సాబ్ తల అడ్డంగా ఊపాడు. "గిది బరాత్ల వాయించేది కాదు సార్, నాకు రాదు." అందుకని నలుగురు పిల్లలు వాటిని భుజాన పెట్టుకుని కమాను తీగకు తగలకుండా ఊపుతున్నారు. చూడటానికి నిండుగా ఉంది.

నేను తెల్ల కర్రతో ముందు నిలబడుతున్నాను. పిల్లల చూపు నా మీద ఉండటం లేదు, నా భుజం మీదుగా వెనక ఉన్న జలీల్ సాబ్ మీద ఉంటుంది. పొట్టి పిల్లలు కాబట్టి మెడ అటు తిప్పుతున్నారేమో.

ఆగస్టు 11

జలీల్ సాబ్ ఇవాళ ఒక కాగితం తెచ్చాడు. ఉర్దూ తప్ప చదవలేడు, నన్ను చదివిపెట్టమన్నాడు. పథకం కింద మా తాలూకాకు ఒక వాద్య శిక్షకుడి ఉద్యోగం ఇస్తారట. నెల జీతం, బడిలో పని. మెట్రిక్ ప్యాసై ఉండాలి. కింద చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. ఫలానా వ్యక్తే పిల్లలకు వాద్యాలు నేర్పాడని బృందం ఇన్‌ఛార్జి టీచరు రాసి ఇస్తే మెట్రిక్ షరతు వర్తించదు. దరఖాస్తుకు గడువు డిసెంబరు ముప్పై ఒకటి.

ఇన్‌ఛార్జి టీచరును నేనే.

"ఒక్క ఉత్తరం సార్" అన్నాడు. "ఆఖరి దినాలల్ల నడిచే పని తప్పుతది. నీడకు కూసొని పోరగాండ్లకు సెప్పుకుంట."

"రాస్త సాబ్, అదేమన్న పెద్ద పనా" అన్నాను. పెద్ద పని కాదు కూడా. నాలుగు వాక్యాలు.

ఆగస్టు 15

జెండా వందనం. హెడ్మాస్టరు ముందు మొదటిసారి వాయించాం. శిక్షణలో చెప్పిన ప్రకారం పిల్లలను బల్లల మీద అర్ధచంద్రంగా కూర్చోబెట్టి కర్ర ఎత్తాను. డ్రమ్ము ఒక దారి, క్లారినెట్టు ఇంకో దారి, బాకా అసలు రానేలేదు. లింగం కూర్చుని కాళ్లు కొట్టుకుంటూ ఏడుపు ముఖం పెట్టాడు. హెడ్మాస్టరు జెండా వైపు చూస్తూ ఉండిపోయారు.

తర్వాత తెలిసింది. జలీల్ సాబ్ వాళ్లకు నేర్పిందంతా మైదానం చుట్టూ తిప్పుతూ నేర్పాడు. నడిస్తేనే వాయిస్తారు, కూర్చుంటే ఒక్క ముక్క రాదు.

"మేమెన్నడు కూసోని వాయించలే సార్" అన్నాడు ఆయన, తప్పంతా తనదే అన్నట్టు. "కాలు పడితేనే చెయ్యి పడతది."

ఆడలేక మద్దెల ఓడు అనుకుంటారని బల్లలు తీయించి పిల్లలను నడిపించాను. హెడ్మాస్టరు చుట్టూ మూడు చుట్లు తిరిగారు. పాట మాత్రం పెండ్లికూతురును అత్తవారింటికి పంపేటప్పుడు వాయించేది. నెమ్మదిగా సాగే పాట జలీల్ సాబ్‌కు అదొక్కటే వచ్చట. గేటు దగ్గర నిలబడ్డ తల్లులు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. హెడ్మాస్టరుకు ముగ్గురు ఆడపిల్లలు, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "దేశభక్తి అంటే గిదే" అన్నారు.

నెల రిపోర్టులో 'నడిచే వాద్యబృందం అనే నూతన పద్ధతిని ప్రవేశపెట్టడమైనది' అని రాశాను. ఎవరు ప్రవేశపెట్టారో రాయాలని ఆ ఫారంలో గడి లేదు.

సెప్టెంబరు 20

ఉత్తరం రాయలేదు. తీరిక లేదు.

అక్టోబరు 8

ఉత్తరం సంగతి. నిజంగా ఆలోచిస్తే అందులో ఒక చిక్కు ఉంది. 'వాద్యాలు నేర్పింది జలీల్' అని నేను సంతకం పెడితే, మరి రాజారాం ఏం చేశాడని పైవాళ్లు అడుగుతారు. నా పర్మనెంటు కాగితం కూడా అదే బల్ల మీదికి పోతుంది. ఒకే బల్ల మీద ఆ రెండు కాగితాలు పక్కపక్కన ఉండటం మంచిది కాదు. ముందు నాది కానిచ్చి, తర్వాత ఆయనది రాస్తే ఇద్దరికీ మేలు. ఇది ఆయన కోసం కూడా ఆలోచించిన మాటే.

వసంతమ్మకు చెప్పాను. అన్నం కలుపుతూ విన్నది.

"సొమ్మొకనిది, సోకొకనిది" అన్నది.

ఆడవాళ్లకు ఆఫీసు పనులు అర్థం కావు.

నవంబరు 5

చెరుకు కోతలు మొదలయ్యాయి. పిల్లలు సగం మంది రావడం లేదు. జలీల్ సాబ్ వాళ్ల ఇండ్లకు తిరిగి, తల్లిదండ్రులను బతిమాలి తెస్తున్నాడు. అంజవ్వ తన కొడుకు చేయి పట్టుకుని తానే తెచ్చి దింపి, "మీ మాట మీద తోలుతున్న సాబూ" అన్నది. నేను పక్కనే ఉన్నాను. నాతో అనలేదు.

ఆయన ఉత్తరం గురించి అడగడు. అడిగితే బాగుండును. కోపమైనా తెచ్చుకోవచ్చు.

నవంబరు 25

ఇవాళ నిజామాబాదులో జిల్లా ఉపాధ్యాయుల సభ. అన్ని బడుల బృందాలూ వాయించాలి, హైదరాబాదు నుంచి పథకం ఆఫీసరు వచ్చాడు. మిగతా బడులవాళ్లు హాల్లో కుర్చీలు వేసుకుని హార్మోనియం మీద ప్రార్థన వాయించి దిగిపోయారు. మా పిల్లలు కూర్చుంటే వాయించలేరు కాబట్టి బస్‌స్టాండు నుంచి హాలు దాకా ఊరేగింపుగా వస్తారని ముందే రాసి పంపాను. ఆఫీసరుకు ఆ ఊహ నచ్చి, తానే ఎదురొచ్చి మా పక్కన నడిచాడు. నేను ముందు కర్రతో. జలీల్ సాబ్ వెనక, ఖాళీ పెట్టె భుజాన మోస్తూ.

బజారు మలుపు తిరిగాక మసీదు ఉంది. పాట మధ్యలో, చరణం సగంలో ఉండగా, మసీదు గోడ మొదలైన చోట పదహారు మందీ ఒక్కసారి ఆగిపోయారు. వాయించడం ఆగింది, నడక ఆగలేదు. బరాత్ మసీదు ముందు, చావు జరిగిన ఇంటి ముందు బాజా ఆపుతుందని నాకు తెలియనిది కాదు. కానీ ఇది బడి కదా. ఇంత గొప్ప ఆఫీసరు పక్కన ఉండగా పాట మరిచారనుకోడా? నేను కర్ర ఊపాను. ఈగలు తోలినట్టే ఉంది. ఒక్కడూ చూడలేదు. పెదవులు బిగించి నడుస్తున్నారు. డ్రిల్లు మాస్టరుకు అడుగులు లెక్కపెట్టడం జబ్బు లాంటిది. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. అప్పుడు ఎవరూ కేక వేయకుండా, ఎవరూ సైగ చేయకుండా, ఆగిన చరణం ఆగిన చోటి నుంచే పదహారు మంది ఒక్క దెబ్బన ఎత్తుకున్నారు.

నా ఒళ్లు గగుర్పొడిచింది. అది రాయాలి. తొమ్మిదేళ్ల ఉద్యోగంలో నేనింత అందమైన పని చూడలేదు.

ఆఫీసరు నడవడం ఆపేశాడు. "వాయించడం ఎవరైనా నేర్పుతారండీ. ఆ నిశ్శబ్దం, అది ఎవరు నేర్పారు?" అని అడిగాడు.

చుట్టూ గోలగా ఉంది. ఏదో జవాబు చెప్పాను. జలీల్ సాబ్ డ్రమ్ము పట్టీ బిగిస్తున్నాడు, ఆయనకు వినపడలేదు.

మా బడికి మొదటి బహుమతి. ఫిడేళ్లు ఎంతో మృదువుగా వాయించారని కూడా ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

నవంబరు 26

'అభ్యాసం సార్' అన్నాను నిన్న. అది అబద్ధం కాదు.

నవంబరు 29

'అభ్యాసం సార్' అనలేదు. 'నేనే సార్' అన్నాను. డ్రమ్ము పట్టీ కూడా అప్పటికే బిగించి ఉంది.

డిసెంబరు 14

ఆర్డరు వచ్చింది. నన్ను పర్మనెంటు చేశారు. అంతేకాదు, జిల్లాలోని ఇరవై మంది టీచర్లకు ఫిబ్రవరిలో ఆరు రోజుల శిక్షణ ఇవ్వవలసింది నేనే. పాఠాల పట్టికలో ఆఫీసరు స్వయంగా ఒక అంశం చేర్చాడు: 'నిశ్శబ్దాన్ని లెక్కించుట - శ్రీ రాజారాం పద్ధతి'.

సాయంత్రం జలీల్ సాబ్ ఇంటికి వచ్చాడు. వాళ్లావిడ షమ్సున్నీసా బేగం చేసిన ఖుబానీ మీఠా గిన్నెలో తెచ్చాడు. "ముబారక్ సార్, మా పోరగాండ్ల వల్ల మీకు మంచి జరిగింది, గది సాలు" అన్నాడు. వసంతమ్మ ఆయనకు చాయ్ ఇచ్చి, నా వైపు చూడకుండా లోపలికి పోయింది.

పోయేటప్పుడు గడప దగ్గర ఆగి, "గడువు ఇంక పదిహేడు దినాలున్నది సార్" అన్నాడు. అంతే. ఆగస్టు తర్వాత ఆ మాట ఎత్తడం ఇదే మొదటిసారి.

డిసెంబరు 30

ఇక రాయక తప్పదు. నాలుగు చిత్తు ప్రతులు రాశాను. మొదటిదానిలో 'వాద్యాలన్నీ నేర్పింది ఇతనే' అని ఉంది. అలా పంపితే 'శ్రీ రాజారాం పద్ధతి' ఏమవుతుంది? పర్మనెంటు చేసి పదహారు రోజులే అయింది. ఇచ్చినవాళ్లు తీసుకోలేరా? రెండోదానిలో 'నేర్పడంలో పాలుపంచుకున్నాడు' అని మార్చాను. మూడోదానిలో 'సహాయపడ్డాడు'.

పోస్టు చేసింది నాలుగోది. 'ఇతను నమ్మకస్తుడు. వాద్యాలు బాగుచేయడంలోను, మోయడంలోను సహకరించాడు. ఇతని దరఖాస్తును సానుభూతితో పరిశీలించగలరు.'

బాగానే ఉంది. ఒక్క అబద్ధం కూడా లేదు. ఆయన నిజంగానే పెట్టె మోశాడు.

1968 జనవరి 22

జలీల్ సాబ్ దరఖాస్తు తిరిగి వచ్చింది. మెట్రిక్ లేదు, వాద్యాలు నేర్పినట్టు ఆధారం లేదు. ఆయన ఆ కాగితం నా దగ్గరికే తెచ్చాడు చదివించుకోవడానికి. చదివాను. నా గొంతు మామూలుగానే ఉంది.

"మీరు రాసిన్రు గద సార్?"

"రాసిన సాబ్."

"మీరు రాసినంక గూడ రాలేదంటే ఇగ మన నసీబ్ల లేదు" అన్నాడు.

జనవరి 30

జలీల్ సాబ్ ఫ్యాక్టరీ కాటా దగ్గర చెరుకు బండ్లకు నంబరు చీటీలు కట్టే పనికి కుదిరాడు. సీజను అయ్యేదాకా. పగలంతా నిలబడి చేసే పని. పిల్లలకు నేర్పడానికి ఇక వీలు పడదని చెప్పి పంపాడు.

ఫిబ్రవరి 3

ఇంకో తొమ్మిది రోజుల్లో శిక్షణ. నిశ్శబ్దాన్ని ఎలా లెక్కించాలో ఇరవై మంది టీచర్లకు నేను చెప్పాలి. నాకు తెలియదు. మైదానంలో పిల్లలను 'ఒకటి, రెండు' అని లెక్కపెట్టమని చూశాను. ఒకడు ముప్పై ఏడుకు, ఇంకొకడు నలభై మూడుకు పాట ఎత్తుకున్నారు. మీ లెక్క మాకు రాదు సార్, మా లెక్క వేరే అన్నారు.

లింగాన్ని పక్కకు పిలిచి అడిగాను. "ఆ రోజు ఎట్ల లెక్కపెట్టిన్రురా?"

"లెక్కపెట్టలే సార్. పేర్లు అనుకున్నం."

"ఏం పేర్లు?"

"బాజా ఆపినప్పుడు మనకు నేర్పినోళ్ల పేర్లు మనసుల అనుకోవాల్నట. జలీల్ ఉస్తాద్ సెప్పిండు. నాలుగు అడుగులకు ఒక పేరు. ఆఖరి పేరు అయిపోంగనే ఎత్తుకోవాలె. గప్పుడు అందరిది ఒక్కతీరు వస్తది."

చెప్పమన్నాను. వాడు మైదానంలో నడుస్తూ, నాలుగేసి అడుగులకు ఒకటి చొప్పున చెప్పాడు. దస్తగీర్ సాబ్. చాంద్ మియా. పెద్ద మౌలా. చిన్న మౌలా. భీమ్‌గల్ గుట్ట జాతరలో సన్నాయి వాయించే సాయన్న. జహూర్ సాబ్. హైదర్ సాబ్. ఎజాజ్ సాబ్. జలీల్ ఉస్తాద్. అక్కడ ఆగి నా ముఖం చూశాడు.

తొమ్మిది పేర్లు. తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు. నేను ఆ రోజు లెక్కపెట్టింది నలభై. నా లెక్క తప్పదు.

"ఇంకో నాలుగు అడుగులున్నయి గదరా?"

లింగం సిగ్గుపడ్డాడు. "అది మీ పేరు సార్. రాజారాం సార్ ఎండలో మనకోసం నిలబడుతున్నడు, ఆయన పేరు గూడ కలుపుకోవాలె అని ఉస్తాద్ సెప్పిండు. ఎనకటి సంది గట్లనే కలుపుకుంట వస్తున్రట."

వాణ్ణి పంపించేసి మైదానంలోనే కూర్చున్నాను. మసీదు గోడ పక్కన పదహారు మంది పిల్లలు చివరి నాలుగు అడుగులు నా పేరు తలుచుకుంటూ నడిచారు. ఆ తర్వాత నూరడుగులు కూడా నడవకముందే 'నేనే సార్' అని ఆయన పేరు మింగేశాను.

ఏడ్చాను. ఎవరూ లేరు.

ఫిబ్రవరి 12

శిక్షణ మొదటి రోజు, నిజామాబాదు. ఇరవై మంది టీచర్లు. ఆఫీసరు ప్రారంభించడానికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆయన ఉంటాడని తెలిసే నేను వెళ్లాను. రాత్రంతా వసంతమ్మకు చెప్పి చెప్పి ధైర్యం తెచ్చుకున్నాను. "పో, పొయ్యి సెప్పు. పర్మనెంటు పోతే నేను బీడీలు సుడత" అన్నది. ఆమె ఇంత ప్రేమగా మాట్లాడి చాలా ఏళ్లయింది.

బోర్డు మీద తొమ్మిది పేర్లు రాశాను. పదో పేరు రాయలేదు. అందరి వైపు తిరిగి చెప్పాను.

"ఈ తొమ్మిదో పేరు జలీల్ సాబ్‌ది. బోధన్‌లో పెండ్లి బాజా వాయిస్తాడు. మా బడి పిల్లలకు నేర్పింది ఆయన. మొదటి నుంచి చివరి దాకా ఆయనే. నాకు ఒక్క స్వరం రాదు. ఆ రోజు నేను నేర్పానని చెప్పింది అబద్ధం."

ఆఫీసరు లేచి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు.

"చూశారా" అన్నాడు ఆయన, కళ్లు మెరుస్తుండగా. "జిల్లాకు మొదటి బహుమతి తెచ్చిన మనిషి నాకేమీ రాదంటున్నాడు. తన దగ్గర పెట్టె మోసిన ముసలాయన పేరు గురువుగా బోర్డు మీద రాశాడు. మీరు ఈ ఆరు రోజుల్లో ఇంకేం నేర్చుకోకపోయినా ఇది నేర్చుకోండి."

"నిజంగా రాదు సార్" అన్నాను.

ఇంకా గట్టిగా కొట్టారు.

నాకు ఒళ్లు మండింది. బల్ల మీది క్లారినెట్టు తీసుకుని ఊదాను. జూలైలో వచ్చిన శబ్దమే, వసంతమ్మ బర్రె అనుకున్నదే, మళ్లీ వచ్చింది. టీచర్లు పడి పడి నవ్వారు. ఎంత సరదా మనిషో అని జక్రాన్‌పల్లి నుంచి వచ్చిన టీచరు తారాబాయి పక్కనున్నావిడతో అనడం నాకు వినపడింది.

భోజనాల వేళ ఆఫీసరు వెంట పడ్డాను. శిక్షకుడి ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది, జలీల్ సాబ్‌కు ఇప్పించండి, ఏం కావాలన్నా రాసి ఇస్తాను అన్నాను. ఆయన నా భుజం మీద చేయి వేశాడు. చాలా మంచివాడు.

"మీ మనసు నాకు అర్థమైంది రాజారాం గారూ. పాత మనిషి మీద జాలి. కానీ అతని ఫైలు నేనే చూశాను. మీ ఉత్తరం ఉంది అందులో. ఎంత తెలిసినవాడైనా, బాగుచేశాడు, మోశాడు అని ఉన్నది ఉన్నట్టు రాశారు. అలాంటి నిజాయితీ ఈ రోజుల్లో ఎక్కడండీ? ఆ ఉత్తరాన్ని కాదని ఇవాళ ఇంకోటి ఎలా తీసుకుంటాను?"

మధ్యాహ్నం పాఠం చెప్పాను. టీచర్లు హాలు చుట్టూ నడుస్తూ పేర్లు అనుకున్నారు. పదో పేరు నేను రాయకపోయినా తారాబాయి లేచి బోర్డు మీద తానే రాసింది. నేర్పినవాళ్ల పేరు కలపాలని మీరే చెప్పారు కదా సార్ అన్నది. నలభై అడుగులు సరిగ్గా వచ్చాయి.

సాయంత్రం బోధన్‌లో బస్సు దిగి కాటా దగ్గరికి వెళ్లాను. చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా ఉన్నాయి. జలీల్ సాబ్ ఒక బండి నొగకు చీటీ కడుతున్నాడు. అన్నీ చెప్పాను, నవంబరులో అన్నది, డిసెంబరులో రాసింది, ఇవాళ ఆఫీసరు అన్నది. ఆయన పురికొస బిగించడం మానలేదు. అయ్యాక చేతులు దులుపుకుని నా వైపు తిరిగాడు.

"నాకెర్కనే సార్. ఆ దినం నేనక్కడనే ఉంటి గద" అన్నాడు.

ఆయన ఇంకో చీటీ అందుకున్నాడు.

"పేర్లు సెప్పిన్రా మరి, ఆ టీచర్లకు?"

"చెప్పిన."

"అన్ని?"

"అన్నీ చెప్పిన సాబ్. నాది వాళ్లే రాసుకున్నరు."

"ఇరవై మంది. ఇరవై బడులు" అని వేళ్లు మడిచాడు. "ఆ పోరగాండ్లు మళ్ల ఎవలకో నేర్పుతరు. మా ఎజాజ్ ఉస్తాద్ పేరు మోర్తాడ్ దాటి పోలే. మీది ఎంత దూరం పోతదో సార్."

ఎత్తిపొడుపేమోనని ఆయన ముఖంలోకి చూశాను. కాదు. దువా ఇస్తున్నట్టే, మనస్ఫూర్తిగా అన్నాడు. వెనక బండివాడు చీటీ కోసం కేకేస్తే అటు పోయాడు.